ఇరవై ఏళ్ల కిందటి డ్రమ్ కోర్ వేసవిని తలచుకుని పెద్దవాళ్లు ఎందుకు కన్నీళ్లు పెట్టుకుంటారు?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. డాలస్ దగ్గర హైస్కూల్లో చదువుతున్న మీ అమ్మాయి మూడేళ్లుగా మార్చింగ్ బ్యాండ్‌లో కలర్ గార్డ్ (సంగీతానికి తగ్గట్టు జెండాలు, చెక్క రైఫిళ్లు, సేబర్లనే కత్తులు తిప్పే జట్టు) చేస్తోంది. వచ్చే వేసవికి డ్రమ్ కోర్ (వేసవంతా ఊరూరా తిరిగి పోటీల్లో ప్రదర్శించే వాద్య బృందం) ఆడిషన్‌కు వెళతానని పట్టుబడుతోంది. తల్లిదండ్రుల సమావేశంలో వాళ్ల గార్డ్ టీచరు, నలభై దాటిన మనిషి, తన కోర్ రోజుల గురించి మాట్లాడుతూ అందరి ముందూ కన్నీళ్లు తుడుచుకున్నారు. అది చూసి మీరు, ఎప్పుడో గడిచిపోయిన ఒక వేసవి కోసం పెద్దవాళ్లు ఏడవడమేమిటని, ఇందులో నిజంగా అంత ఉందా లేక పొంగించి చెబుతున్నారా అని అడిగారు. నేను 1999, 2000, 2001 వేసవుల్లో ఒక కోర్‌లో రైఫిల్ లైన్‌లో నిలబడ్డాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా హైస్కూలు గార్డులకూ, చలికాలంలో జిమ్‌లో పోటీపడే వింటర్ గార్డులకూ నేర్పుతున్నాను. మా కోర్ పేరు ఇక్కడ రాయను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

సూటిగా చెప్పాలంటే, ఆయన పొంగించి చెప్పలేదు. కానీ ఆ కన్నీళ్లు గెలుపు కోసం కావు. ఒక వేసవిలో తయారైన ప్రదర్శన ఆ వేసవితోనే అయిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడం ఎవరివల్లా కాదు. కీర్తన నేర్చుకున్నవాళ్లు అరవై ఏళ్లు వచ్చాక కూడా ఇంట్లో కూర్చుని పాడుకోగలరు, వీణ నేర్చుకున్నవాళ్లు సాయంత్రం ఒక అరగంట వాయించుకోగలరు. డ్రిల్‌లో, అంటే మైదానంలో అందరం చోట్లు మారుతూ ఆకారాలు కట్టే నడకలో మాత్రం, నా అడుగుకు ఒంటరిగా అర్థం లేదు. పక్కన వందమంది తమ తమ చోట్లలో ఉంటేనే నేను నిలబడిన చోటు ఒక చోటవుతుంది. ఆ వందమందీ ఆగస్టు రెండో వారంలో తలో బస్సూ ఎక్కి వెళ్లిపోతారు, మరుసటి ఏడు ప్రదర్శన వేరు, మనుషులు వేరు. పైగా 21 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడ చోటు లేదు. దీన్నే ఏజ్ అవుట్ అంటారు. బాగా చేసినా, చేయకపోయినా, ఇంకా చేయగల ఒళ్లున్నా, ఆ రోజుతో సరి.

ఈ రంగం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. డ్రమ్ కోర్‌లో ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, మైదానం ముందు అంచున మరింబా, వైబ్రఫోన్ వంటి కర్రలతో కొట్టి వాయించే వాద్యాలు, వీటితోపాటు కలర్ గార్డ్ ఉంటాయి. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్ ఉండవు, అందుకే దీన్ని మార్చింగ్ బ్యాండ్ అంటే కోర్ వాళ్లకు కోపం. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాలు, చర్చిలు, స్కౌట్ దళాలు పేట పిల్లలకు బ్యూగిళ్లూ డ్రమ్ములూ ఇచ్చి కవాతు నేర్పడంతో ఇది పెరిగింది. గార్డ్ అన్న మాట కూడా అక్కడిదే, జెండాకు కాపలా ఉండేవాళ్లని. నియమాలు తమ చేతుల్లోనే ఉండాలని కొన్ని కోర్లు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగిన దాని మొదటి చాంపియన్‌షిప్‌ను అనాహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. ఇప్పుడు ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి. మా రోజుల్లో ఏటా ఊరు మారేది: 1999లో మాడిసన్, 2000లో మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్, 2001లో బఫలో.

నేను తెనాలి నుంచి న్యూజెర్సీకి 12 ఏళ్ల వయసులో వచ్చాను. మా అమ్మకు ఈ వ్యవహారం ఏమిటో మొదటి ఏడాది అర్థం కాలేదు. అమ్మాయి చెక్క తుపాకీ గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుందని బంధువులకు చెప్పడానికి ఆవిడకు మాటలు దొరికేవి కావు. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ అనే ఊళ్లో ఏటా ఆగస్టు మొదట్లో కోర్లన్నీ చేరతాయి. అమ్మ మా ప్రదర్శన మొదటిసారి అక్కడే చూసింది. అయిపోయాక మెట్ల కింద నన్ను పట్టుకుని, "ఇది జడ కోలాటమే కదే, తాళ్లు కనపడటంలేదంతే" అంది. ఇన్నేళ్లలో డ్రిల్ గురించి ఇంతకన్నా సరైన మాట నేను ఎక్కడా వినలేదు. జడ కోలాటంలో పైన కట్టిన తాళ్ల కొసలు తలొకరు పట్టుకుని తిరుగుతూ జడ అల్లుతారు, ఎదురు తిరిగి విప్పుతారు. ఒకరు ఒక్క మెలిక తప్పితే చిక్కు అక్కడ పడదు, నాలుగు చుట్ల తర్వాత ఇంకెవరి చేతిలోనో పడుతుంది. డ్రిల్‌లోనూ అంతే.

ఆ తాళ్లు ఎలా ఉంటాయో కొంచెం దగ్గరగా చూపిస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఐదేసి గజాలకు ఒక తెల్ల గీత ఉంటుంది. ఆ ఐదు గజాలను ఎనిమిది అడుగులు వేసి నడవాలి, అంటే వేసే ఒక్కో అడుగు సరిగ్గా 22.5 అంగుళాలు. ప్రతి ఒక్కరి దగ్గరా డాట్ బుక్ అని ఒక చిన్న పుస్తకం ఉంటుంది, దానికి తాడు కట్టి భుజాన వేలాడేసుకుంటాం. నా పుస్తకంలో ఒక పేజీలో ఇలా ఉంటుంది: ఎడమ వైపు 35 గజాల గీతకు రెండడుగులు బయట, ముందు హాష్‌కు (మైదానం పొడవునా సాగే చిన్న గీతల వరసకు) నాలుగడుగులు వెనక. పక్క పేజీలో పన్నెండు లెక్కల తర్వాత నేను ఉండవలసిన చోటు. ఇలాంటి పేజీలు వందకు దగ్గర. ఒక్కో చోటికి వెళ్లడం, ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ వెళ్లడం. మైదానం మధ్య పెద్ద స్పీకరుకు కలిపిన మెట్రోనోమ్, లయ కొట్టే యంత్రం, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా టక్‌టక్‌మంటూనే ఉంటుంది, నిద్రలో కూడా వినపడుతుంది. శిక్షకులు "ఇంకొక్కసారి" అంటే అది ఒక్కసారి కాదని అందరికీ తెలుసు. అయినా అందరం పరుగెత్తి వెనక్కి వెళ్లి నిలబడేవాళ్లం.

రోజు గడిచే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే జ్ఞాపకాల్లో సగం అక్కడే ఉన్నాయి. రాత్రి ఒక ఊళ్లో ప్రదర్శన, తర్వాత బస్సు, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ఇంకో ఊళ్లో ఏదో స్కూలు జిమ్. గాలి పరుపు ఊదుకునే ఓపిక ఉంటే ఊదుకోవడం, లేకపోతే చెక్క నేల మీదే దుప్పటి. నిద్రను ఫ్లోర్ టైమ్ అని గంటల్లో లెక్కగట్టి ఇచ్చేవారు. వంట లారీ వెనక వరసలో నిలబడి రోజుకు నాలుగు పూటలు తినేవాళ్లం, అయినా ఆకలి తీరేది కాదు. శాకాహారిని కావడంతో మొదటి నెలంతా నేను వేరుసెనగ వెన్న రొట్టెల మీదే బతికాను. వేసవి ముగిసి ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా నల్లబడి, గ్లవ్స్ తొడిగిన చోటు మాత్రం తెల్లగా మిగిలేది. అమ్మ నా అరచేతులు తిప్పి చూసి, సున్నం పూసుకున్నావా అని అడిగింది.

అమ్మ రెండో ఏడాది నుంచి జెండాలు కుట్టడానికి వచ్చేది. కోర్లన్నీ ఇలాంటి తల్లిదండ్రుల చేతుల మీదే నడుస్తాయి. గార్డ్ జెండా మీరు జాతీయ పతాకంగా చూసేది కాదు. సిల్కులాంటి పలుచని బట్ట, ఆరడుగుల అల్యూమినియం కర్రకు తొడుగులా ఒక అంచు కుట్టి ఎక్కిస్తారు. కర్ర తిప్పినప్పుడు బరువు కుదరడానికి రెండు కొసల్లో ఇనుప బోల్టులు దూర్చి టేపు చుట్టి, పైన చంకకర్రల కింద ఉండే రబ్బరు తొడుగులు బిగిస్తాం. ఒక సీజన్‌కు నాలుగైదు రంగుల జతలు, ఒక్కో జత ముప్ఫైకి తగ్గకుండా. చీరకు ఫాల్ కుట్టిన చెయ్యి కనుక అమ్మ అంచులు ముడత లేకుండా వచ్చేవి. మిగతా తల్లులు తమ వాటా బట్టలు కూడా ఆవిడ ముందే పడేసేవారు. ఆవిడకు ఇంగ్లిషు అంతంతమాత్రం. మూడు రోజులు పక్కపక్కన మిషన్లు తొక్కి స్నేహితురాలైన ఒకావిడ ఇప్పటికీ ప్రతి డిసెంబరులో మా ఇంటికి కార్డు పంపుతుంది.

ఇక రైఫిల్. అది దాదాపు మీటరు పొడవున్న చెక్క ముక్క, తెల్ల టేపు చుట్టి ఉంటుంది, పక్కన తోలు పట్టీ. దాన్ని ఎగరేసినప్పుడు గాల్లో ఎన్ని చుట్లు తిరిగిందన్నది లెక్క. మూడు చుట్లు హైస్కూల్లో చాలామంది పట్టుకుంటారు, ఐదూ ఆరూ దగ్గర మనుషులు తగ్గిపోతారు. చూసేవాళ్లు చుట్లు లెక్కపెడతారు కానీ, లైన్‌లో ఉన్నవాళ్లు వినేది చప్పుడు. తొమ్మిదిమంది ఒకేసారి పట్టుకుంటే చెక్కకూ అరచేతికీ మధ్య ఒకే ఒక్క "ఠప్" అనే శబ్దం వస్తుంది. ఎవరైనా వెంట్రుకవాసి ఆలస్యమైతే అది "ఠ-టప్" అవుతుంది. మే నెల చివర మొదలుపెట్టి జూలై మధ్య దాకా మాకు వినబడింది రెండోదే. ఒకరోజు సాయంత్రం, ఊరి పేరు కూడా గుర్తులేని ఒక స్కూలు వెనక, గడ్డి సగం ఎండిపోయిన మైదానంలో, మొదటి చప్పుడు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. శిక్షకురాలు తల ఊపి "ఇంకొక్కసారి" అంది, మళ్లీ అదే వచ్చింది. ప్రేక్షకులు లేరు, జడ్జీలు లేరు. నా మూడేళ్లలో ఏ రోజు తిరిగి కావాలని ఎవరైనా అడిగితే నేను ఆ సాయంత్రాన్నే అడుగుతాను.

మీ అమ్మాయి టీచరు మనసులో కూడా ఇలాంటిదేదో మెదిలి ఉంటుంది. బయటివాళ్లు దీన్ని పోటీ అనుకుంటారు, అవును పోటీయే. 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్ 98.125 మార్కులతో గెలిస్తే, 98.100తో బ్లూ డెవిల్స్ కోర్ రెండో స్థానంలో నిలిచింది. తేడా 0.025. 1999లోనూ 2000లోనూ ఇద్దరిద్దరు చాంపియన్లు, మార్కులు సమానమై. అయినా ఒక వేసవిలో గెలిచేది ఒక్క కోర్, మహా అయితే రెండు. ఏజ్ అవుట్ రోజు ఏడ్చేది మాత్రం అందరూ. మా కోర్ నా మూడేళ్లలో ఒక్కసారి కూడా మొదటి పన్నెండింటిలో లేదు, అంటే శనివారం రాత్రి ఫైనల్స్‌కు మేం ఎప్పుడూ వెళ్లలేదు. నా చివరి ప్రదర్శన బఫలోలో గురువారం ఎండలో, కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉన్న స్టేడియంలో జరిగింది. శనివారం రాత్రి కావలియర్స్ కోర్ గెలుస్తుంటే నేను పైమెట్ల మీద కూర్చుని చూశాను. ఎదురుగా వాళ్ల రైఫిళ్లు లేచినప్పుడల్లా ఒళ్లో నా కుడి చెయ్యి దానంతటదే మూసుకునేది.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి, ఎందుకంటే జ్ఞాపకం చెప్పేదంతా నమ్మదగినది కాదు. మీరు ఆ టీచరు మాటలు విని నిర్ణయం తీసుకునే ముందు ఇది తెలుసుకోవాలి.

జడ్జీలు అప్పట్లో మైదానం చుట్టూ తిరుగుతూ తమ వ్యాఖ్యలను క్యాసెట్ టేపులో చెప్పేవారు, ఆ టేపులు రాత్రి శిక్షకులకు అందేవి. రెండో ఏడాది జూలైలో ఒక రాత్రి బస్సులో మా గార్డ్ టేపు వినిపించారు. వెనకాల సంగీతం, దాని మీద జడ్జి గొంతు మామూలుగా సాగుతోంది, అంతలో రైఫిల్ నేలకు తగిలిన చప్పుడు, జడ్జి గొంతు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ పడిన రైఫిల్ నాది. దానికి పది రోజుల ముందు నుంచీ నా కుడి మణికట్టు వాచి ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నా చోటు కోసం పక్కన ఒక అమ్మాయి సిద్ధంగా ఉంది. బస్సులో ఒక శిక్షకుడు టేపు ఆపి, నొప్పులున్నవాళ్లు ఇంటికి వెళ్లి అమ్మ ఒడిలో పడుకోవచ్చన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మణికట్టు ఇప్పటికీ చలికాలంలో పొద్దున్నే పట్టేస్తుంది.

ఈ కథను నేను చాలా ఏళ్లు సరదాగా చెప్పేదాన్ని, వాచిన చేత్తో పది రోజులు ఎగరేశానని. నేను నేర్పే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. ఒక ఏడాది మా వింటర్ గార్డ్‌లో పదహారేళ్ల అమ్మాయి కాలి ఎముకలో సన్నటి పగులుతో మూడు వారాలు ఏమీ లేనట్టు నటించి, నాలుగో వారం నేల మీద కూలబడింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరూ చెప్పలేదుగా" అంది. ఆ రోజు నుంచి ఆ కథను సరదాగా చెప్పడం మానేశాను. పాత రోజుల మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉంది, భరించినదాన్ని గొప్పతనంగా చెప్పుకుంటాం. నిద్రలేమి, ఎండదెబ్బ, అరుపులు, నీళ్లకు కూడా పరుగెత్తి వెళ్లి పరుగెత్తి రావలసిన విరామాలు, ఇవన్నీ ఇరవై ఏళ్లు గడిచేసరికి తీపి ఎక్కుతాయి. కోర్ పేరు రాయనిది ఇందుకే. ఆ శిక్షకుడి మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. దాన్ని మొత్తం కోర్ మీద వేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నాకు ఆ "ఠప్" ఇచ్చిందీ వాళ్లే.

జ్ఞాపకం మోసం చేసే ఇంకో చోటు "మా రోజుల్లోదే అసలైన డ్రమ్ కోర్" అనడం. పాతవాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే ఈ మాట వస్తుంది. మా కన్నా ముందు తరం టిక్ పద్ధతిని తలుచుకుంటుంది. అప్పట్లో జడ్జి ఒక్కో తప్పుకు పదోవంతు మార్కు కోసేవాడు, 1984 సీజన్ నుంచి ఆ పద్ధతి పోయింది. నా తరానికి జి శ్రుతి బ్యూగిళ్లు పోయాయన్న బాధ, 2000 నుంచి ఏ శ్రుతి వాద్యాలైనా వాడుకోవచ్చన్నారు. మా తర్వాతివాళ్లకు 2004లో వచ్చిన మైకులు, వాళ్ల తర్వాతివాళ్లకు 2009లో వచ్చిన సింథసైజర్లు. ఒక్కో తరం తాను 21 దాటిన ఏడాది దగ్గర గీత గీసి, అక్కడితో కళ అయిపోయిందంటుంది. మైకులు వచ్చినప్పుడు నేనూ గట్టిగానే అరిచాను. తర్వాత మరింబా వాయించే పిల్లలను దగ్గరగా చూశాక నా అభిప్రాయం మారింది. మా కాలంలో వాళ్లు స్టేడియం పైమెట్టుకు వినపడాలని గట్టి మేలెట్లతో (వాయించే కర్రలతో) చేతులు బద్దలయ్యేలా కొట్టేవారు, ఇప్పుడు మెత్తగా వాయించగలుగుతున్నారు, ఆ వాద్యానికి ఉన్న అసలు గొంతు వినపడుతోంది. బ్యూగిళ్ల విషయంలో మాత్రం నేను మారలేదు. కోర్‌లో ఊదేవాళ్లంతా జి బ్యూగిళ్లు మీ వైపు తిప్పి ఒకేసారి ఊదితే ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుండేది. కొత్తవాటిలో శ్రుతి శుద్ధంగా ఉంటుంది, ఆ నెట్టడం లేదు. ఇది నా చెవి పక్షపాతం కావచ్చు.

గార్డ్ ఆడపిల్లల వ్యవహారమని మన ఇళ్లలో అనుకుంటారు, మీ ప్రశ్న కింద ఒకరు అలాగే రాశారు కూడా. కావలియర్స్, మాడిసన్ స్కౌట్స్ దశాబ్దాల పాటు మగపిల్లలతో మాత్రమే నడిచిన కోర్లు, వాళ్ల గార్డులు దేశంలో మేటివాటిలో ఉండేవి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌లో ఉత్తమ కలర్ గార్డ్‌కు ఇచ్చే బహుమతి జార్జ్ జింగాలి పేరు మీద ఉంది, ఆయన మగవాడే. దీని మీద ఇంతకన్నా చెప్పక్కరలేదు.

ఒక విద్యార్థిని గురించి చెబుతాను. ఐదో తరగతి నుంచి వింటర్ గార్డ్‌లో పెరిగి, రెండుసార్లు ఆడిషన్‌లో తిరిగివచ్చి, చివరికి తన ఏజ్ అవుట్ ఏడాదికి ఒక మంచి కోర్‌లో చోటు సంపాదించింది. ఆ ఏడాది 2020. కరోనా వల్ల సీజన్ మొత్తం రద్దయింది. తర్వాతి వేసవికి ఆమె ఉద్యోగంలో చేరిపోయింది. ఆ మధ్య కలిసినప్పుడు, పాత సభ్యులు జ్ఞాపకాలు చెప్పుకునే చోట తాను ఏమీ మాట్లాడలేనని, నేర్చుకున్నంతా ఒంట్లోనే ఉందని, దానికి పేజీలే లేవని చెప్పింది. డాట్ బుక్ ఆమెకు అందనే లేదు మరి. ఇంకొందరికి తిరిగి చూసుకునే ఇల్లే లేకుండా పోయింది. 1934లో న్యూజెర్సీలో మొదలైన కాడెట్స్ 2024లో మూతపడింది. నేను పెరిగిన రాష్ట్రంలో ఆ పేరు తెలియని బ్యాండు పిల్లలు ఉండేవారు కాదు. దాని పాత సభ్యులు ఇప్పుడు ఏ కోర్ ప్రదర్శనకు వెళ్లినా, ఎవరి కోసం చప్పట్లు కొట్టాలో తెలియక కూర్చుంటామంటారు.

మీ అమ్మాయి విషయానికి వస్తాను. ఆమెను పంపమనే చెబుతాను, అయితే అడగవలసినవి ముందే అడగండి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, ప్రయాణాలూ బూట్లూ గ్లవ్సూ దానికి అదనం. విరాళాలు సేకరించి ఫీజులో కొంత తగ్గించుకునే వీలు చాలా కోర్లు ఇస్తాయి, అడిగితేనే చెబుతాయి. అన్నింటికన్నా ముందు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఆ చూసేవాళ్లు పూర్తికాలం కోర్ వెంటే ఉంటారా, ఆడవద్దని చెప్పే అధికారం వాళ్లకుందా, లేక శిక్షకులదే చివరి మాటా అన్నది అడగండి. జవాబు తడుముకుంటే ఆ కోర్ వద్దు, ఎంత పేరున్నదైనా సరే. రాత్రి జిమ్‌లో మైనర్ పిల్లలకు వేరే ఏర్పాటు ఉందా, ఫిర్యాదు చేయాలంటే శిక్షకులతో సంబంధం లేని మనిషి ఎవరున్నారు అన్నవి కూడా అడగండి. మా అమ్మానాన్నలకు ఇవి అడగాలని తెలియదు, అడిగే భాషా లేదు, మీకు రెండూ ఉన్నాయి.

పదహారేళ్లకే తొందరపడక్కరలేదు. ఒకటి రెండు చలికాలాలు ఊళ్లో మంచి వింటర్ గార్డ్‌లో చేసి వెళితే శరీరం గట్టిపడుతుంది. అది జిమ్ లోపల నేల మీద జరిగే పోటీ, దాని సంస్థ వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ 1977లో మొదలైంది, ప్రపంచ చాంపియన్‌షిప్ ఒహాయోలోని డేటన్‌లో జరుగుతుంది. అక్కడ కుదురుకున్న పిల్లలు కోర్ ఆడిషన్‌లో బెదరరు. 21 దాకా సమయం ఉంది, రెండు వేసవులైనా నడవచ్చు. నేనైతే ఒక్కటే నడవడం కన్నా రెండు మంచివంటాను, ఎందుకంటే మొదటి వేసవంతా బతికి బట్టకట్టడంలోనే పోతుంది.

ఎంపికైతే ఒక్క పని తప్పకుండా చేయించండి. రోజుకు నాలుగు లైన్లు రాయమనండి, డాట్ బుక్ వెనక పేజీల్లోనైనా సరే. వీడియోలు ఎలాగూ దొరుకుతాయి, అవి పైమెట్ల నుంచి తీసినవి, వాటిలో తన ముఖం ఒక చుక్క. నా 2001 పుస్తకంలో జూలై నెలలో ఒక పేజీ వానకు తడిసి అంకెలు అలుక్కుపోయాయి, అంచున పెన్సిలుతో "ఈరోజు అందరం ఒకేసారి" అని మాత్రం ఉంది. తేదీ వేసుకోలేదు, ఊరి పేరు రాసుకోలేదు. అందుకే పైన ఆ ఊరి పేరు చెప్పలేకపోయాను.

ఆడిషన్ శిబిరాలు సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో మొదలవుతాయి. రైఫిల్‌కు టేపు కొత్తగా చుట్టుకోవాలి, కానీ శిబిరానికి ముందు రోజు కాదు, వారం ముందు. కొత్త టేపు జారుతుంది, కొన్నాళ్లు చేతిలో నలగాలి. గ్లవ్స్ రెండు జతలు పెట్టండి. ఆమె జెండాకు వెళుతోందా, రైఫిల్‌కా, సేబర్‌కా అన్నది రాస్తే ఏయే చుట్లు ఇప్పటినుంచే సాధన చేయాలో విడిగా చెబుతాను.